తలకిందులైన ఎడమ రెక్క

లైట్లు వేసేదాకా తెర బాగానే ఉంది.

నలుగురు మనుషులు నిచ్చెనలెక్కి, పైనున్న ఇనుప కమ్మీకి నాడాలు ఒక్కొక్కటే ముడివేసి దాన్ని వేలాడదీస్తున్నంతసేపూ పెద్దకోడలు నాటకశాల ముందు వరస కుర్చీలో ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఎర్ర మఖమల్ తెర. రెండు రెక్కలు, ఒక్కో రెక్కకి అయిదు పన్నాలు, ఇరవై రెండడుగుల ఎత్తు. వాళ్ల కుట్టుగది పుట్టి బుద్ధెరిగాక ఇంత పెద్ద పని ఎప్పుడూ చెయ్యలేదు. కిందనుంచి చూస్తుంటే ఆవిడ ఛాతీ ఉప్పొంగింది. పది గంటలకల్లా పని అయిపోయింది, ఆట సాయంత్రం ఆరున్నరకి, ఇంక దిగులు పడ్డానికి ఏమీ లేదని తనకి తాను చెప్పుకుంటూ ఉండగానే పై గదిలోంచి లైట్ల మనిషి అన్ని లైట్లూ ఒక్కసారిగా వెలిగించాడు.

కుడి రెక్క దానిమ్మ గింజలా నిగనిగలాడింది. ఎడమ రెక్క మీద ఎవరో బూడిద జల్లినట్టయింది.

మేనేజరు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. రెండు రెక్కలకీ వేరు వేరు తానులు వాడారా అని అడిగాడు. ఒకటే తాను. పైనుంచి లైట్ల మనిషి, గుడ్డల సంగతి తనకేమీ తెలియకపోయినా, కిటికీలోంచి తల బయటపెట్టి తీర్పు చెప్పేశాడు.

"ఒక రెక్క రివర్స్ అయిందమ్మా."

పెద్దకోడలి గుండె గుభేలుమంది. గుడ్డ సంగతికి సగం, ఆ మాటకి సగం.

ఆ మాటతో ఆవిడకి చాలాకాలంగా పరిచయం. బడి మూడో తరగతితో ఆగిపోయింది. తెలుగు కూడబలుక్కుని చదవడం గుడ్డల తానుల మీది కాగితాలు చూసి నేర్చుకుంది. నలభయ్యో ఏట చిత్తుకాగితాల కొట్టులో ఒక లావుపాటి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు దొరికింది. అట్టతో పాటు మొదటి అక్షరం పేజీలన్నీ ఊడిపోయాయి కాబట్టి ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు ఆవిడకి ఇప్పటికీ అంతంతమాత్రమే. తక్కినవి రోజుకొకటి చొప్పున ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేది. రివర్స్ అన్న మాట మాత్రం అంతకు ముందే కుట్టుమిషన్ మీద కనిపించింది. మీట నొక్కితే మిషన్ నాలుగు కుట్లు వెనక్కి వేస్తుంది, దాంతో కుట్టు చివర ఊడదు. అందుకని ఆ మాటంటే గట్టిపరిచేదని ఆవిడ చాలా ఏళ్లు అనుకుంది. నిఘంటువులో చూస్తే ఒక పేజీలో సగం అదే: వెనుకకు మరలించుట, తలక్రిందులు చేయుట, కింది కోర్టు తీర్పును పై కోర్టు కొట్టివేయుట, నాణెము వెనుక వైపు, ఎదురుదెబ్బ. ఇన్ని పనులు చేసే మాట ఒక్కటే అయినందుకు ఆవిడకి ముచ్చటేసింది. జరిగిపోయిన దాన్ని వెనక్కి తిప్పొచ్చని నమ్మే మనుషులెవరో ఆ మాట కనిపెట్టి ఉంటారనుకుంది.

తోడికోడలికి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. మనిషి ఎదురుతిరగడం. మూడు వారాల కిందట ఫోనులో ఎవరితోనో, అక్క రివర్స్ అయిపోయిందండీ అని ఆమె చెప్పడం పెద్దకోడలు చెవులారా విన్నది. ఆ రాత్రి నోటుపుస్తకం తీసి, పాత అర్థాల కింద అది కూడా రాసుకుంది.

వాళ్లిద్దరూ అన్నదమ్ముల భార్యలు. కుట్టుగది వాళ్ల అత్తగారిది. ఆవిడ ఉన్నన్నాళ్లూ పని తెచ్చినవాళ్లందరూ వీళ్లని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచారు. అత్తగారు పోయి పన్నెండేళ్లయినా, ఒకరికి అరవై నాలుగూ ఒకరికి యాభై ఏడూ వచ్చినా, ఆ పేర్లు మారలేదు. ఇరవై ఆరేళ్లు రెండు బల్లలు జతచేసి ఒకే బల్లలా అటూ ఇటూ నిలబడి పనిచేశారు. సుద్దతో గీత గీసేది పెద్దకోడలు, కత్తెర పట్టేది చిన్నకోడలు.

నెల కిందట ఒక రోజు చిన్నకోడలు దారం తెంపుతూ, వంతెన అవతల ఒక గది తీసుకున్నానక్కా అంది. తరవాత ఇంకా ఏదో చెప్పబోయింది. పెద్దకోడలు వినలేదు. మంచిది అనేసి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది, మాట వినపడకుండా గట్టిగా తొక్కింది. ఆవిడ అంతే. ఎవరైనా గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే ఆవిడకి భయం. వెళ్లొస్తానని వెళ్లినవాళ్లలో సగం మంది ఆవిడ బతుకులో తిరిగి రాలేదు. అమ్మ అలాగే వెళ్లింది, అక్క అలాగే వెళ్లింది, ఆస్పత్రికి నడిచివెళ్లిన భర్త కూడా వెళ్లొస్తాననే అన్నాడు. కాబట్టి ఎవరైనా వెళ్తామనే లోపలే ఆవిడ మొహం తిప్పేసుకుంటుంది. ఆ మర్నాడు తన బల్లని తానే లాక్కెళ్లి గోడవైపు వేసుకుంది. అప్పణ్ణుంచి ఇద్దరూ ఒకరికొకరు వీపు చూపించుకుంటూ కుట్టారు. సూది, దారం, కత్తెర అన్న మాటలు తప్ప మరో మాట లేదు. తెర వేలాడదీసిన రోజు సాయంత్రమే తన మిషన్ తీసుకుని వెళ్లిపోతానన్న మాట కూడా చిన్నకోడలు భర్త చేతే చెప్పించింది.

ఆ రోజు ఇదే.

పెద్దకోడలు వేదిక ఎక్కి ఎడమ రెక్క మీద అరచెయ్యి పెట్టి కిందికి రాసింది. నున్నగా జారింది. కుడి రెక్క మీద రాసింది. చెయ్యి గరగరా ఆగింది. మఖమల్‌కి నూగు ఉంటుంది, పిల్లి వీపులా అది ఒకవైపే పడుకుంటుంది. నూగు కిందికి పడుకుంటే దుమ్ము నిలవదు, గుడ్డ ఎక్కువకాలం మన్నుతుంది, కానీ వెలుతురులో రంగు పాలిపోతుంది. నూగు పైకి ఉంటే రంగు చిక్కగా కనిపిస్తుంది. ఎడమ రెక్క ఆవిడది, మన్నిక కోసం నూగు కిందికి పెట్టింది. కుడి రెక్క చిన్నకోడలిది, లైట్ల కోసం నూగు పైకి పెట్టింది. ఇద్దరి లెక్కా సరైనదే. ఒక బల్ల దగ్గర అయితే ఒకే బాణం గుర్తు గీసేవారు. రెండు బల్లల దగ్గర రెండు బాణాలు గీశారు. ఆ ఇరుకు గదిలో రెండు రెక్కలు కాదు కదా, సగం రెక్కయినా విప్పి పరిచే చోటు లేదు కాబట్టి, మడతల మీద మడతలుగా కుట్టుకుంటూ పోయారే తప్ప రెండూ పక్కపక్కన ఎప్పుడూ చూసుకోలేదు.

పెద్దకోడలిని పొడుస్తున్నది ఇంకొకటి ఉంది. గుడ్డ కోసే రోజు చిన్నకోడలు సుద్దముక్క పట్టుకుని ఆవిడ వెనక వచ్చి నిలబడింది. ఎటు అని అడగడానికే వచ్చింది. ఆవిడకి తెలుసు. తెలిసీ గుండీలు లెక్కపెడుతున్నట్టు నటించింది. తెరకి గుండీలేమిటి?

మేనేజరు ముదురు రంగే కావాలన్నాడు. అయిదున్నరకల్లా రెండు రెక్కలూ ఒకేలా ఉంటే సరి, లేకపోతే పాత బూడిదరంగు తెర కట్టేస్తానన్నాడు. తప్పెవరిదని కూడా అడిగాడు.

చిన్నకోడలు వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముందుకొచ్చి, ఆ గుర్తు తానే గీశానని, అక్కయ్యకి తానే తప్పు చెప్పానని అంది. మొహంలో ఎక్కడా తడబాటు లేదు. ఇంత చక్కగా అబద్ధమాడగలదని ఇరవై ఆరేళ్లలో పెద్దకోడలికి తెలియలేదు.

"అది చెప్పేదంతా వట్టిది," అంది మేనేజరుతో. "అది అడగడానికొచ్చింది. నేనే పలకలేదు."

మేనేజరుకి ఇదంతా అక్కర్లేదు. గడియారం చూపించి వెళ్లిపోయాడు.

ఎడమ రెక్కని దింపి వేదిక మీద పరిచారు. చిన్నకోడలు వేళ్ల మీద లెక్కలు వేసింది. పన్నాలు విడివిడిగా తిప్పాలంటే నాలుగు నిలువు కుట్లు విప్పాలి, ఒక్కోటి ఇరవై రెండడుగులు. మళ్లీ అవన్నీ కుట్టాలి. పైన అరవై కుచ్చిళ్లు. ఇద్దరి చేతులతో ఇది రేపు సాయంత్రానికి కూడా తెమలదు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, పాత తెర కట్టెయ్యమను అక్కా, మన పరువు ఎలాగూ పోయింది అంది.

పెద్దకోడలు ఆ మాట వినిపించుకోలేదు. ఆవిడ కళ్లు పరిచిన గుడ్డ మీద ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ గుడ్డల మధ్యే బతికింది కానీ ఒక తెర రెక్క మొత్తం అలా నేల మీద పడుకుని ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మడతల్లో చూసినన్నాళ్లూ అదొక పెద్ద చిక్కుముడిలా ఉండేది. విప్పి పరిస్తే వట్టి దుప్పటి. నాలుగు మూలలు, అంతే. పన్నాలన్నిటి నూగూ ఒకవైపే ఉంది.

ఆవిడ మాట కోసం తడుముకుంది.

"ఏమే, నిలువు కుట్లు ముట్టుకోవద్దు. తల తీసి కాళ్ల దగ్గర పెడదాం."

చిన్నకోడలు ఒక్క క్షణం అర్థంకాక చూసింది. తరవాత ఆమె కళ్లు పెద్దవయ్యాయి. పైన కుచ్చిళ్ల పట్టీ విప్పాలి, కింద అంచు మడత విప్పాలి, రెక్కని మొత్తంగా తలకిందులు చేసి పైది కిందా కిందిది పైనా కుట్టెయ్యాలి. నూగు దానంతటదే పైకి తిరుగుతుంది. పక్క అంచులు రెండూ ఒకేలా మడిచినవే, కాబట్టి అటుది ఇటొచ్చినా ఫరవాలేదు. పైన జానెడు మడత, కింద రెండు జానల మడత. పాత కుచ్చిళ్ల సూది గుర్తులు కింది మడత లోపలికి వెళ్లిపోతాయి. ఇద్దరూ ఒకేసారి మోకాళ్ల మీద కూలబడి జానలు కొలిచారు. చెరో వైపునుంచి కొలుచుకుంటూ వచ్చి మధ్యలో తలలు గుద్దుకున్నారు.

సరిపోయింది.

మిషన్ కావాలి. అది కుట్టుగదిలో ఉంది కదా, మూడు వీధులు మోసుకురావాలని పెద్దకోడలు గాభరాపడుతుంటే చిన్నకోడలు తల దించుకుని, అది వ్యాన్‌లో ఉందక్కా అంది. పొద్దున్నే ఎక్కించేసిందట. ఆ మాట పెద్దకోడలికి సూదిలా దిగింది. ఇంత తొందరా అనుకుంది. కానీ బాధపడే తీరిక లేదు. పక్కసందులోంచి వ్యాన్‌ని వేదిక తలుపు దాకా తీసుకురావాలి. సందు ఎంత ఇరుకంటే వెనక్కి నడుపుకుంటూ రావడం తప్ప దారి లేదు. చిన్నకోడలి భర్త, అంటే పెద్దకోడలి మరిది, మామూలుగానే రివర్స్ గేరంటే చెమటలు కక్కే మనిషి. లైట్ల మనిషి కిందికి పరుగెత్తుకొచ్చి రా రా రా అని చేతులూపాడు. ఎడమకి అంటే తన ఎడమో వ్యాన్ ఎడమో చెప్పకుండా ఊపాడు. రెండుసార్లు గోడ గీసుకుంది, ఒకసారి చెత్తడబ్బా దొర్లింది. చివరికి చిన్నకోడలు వెళ్లి భర్త తల కిటికీలోంచి బయటికి లాగి, నా మొహం చూస్తూ రా, ఇంకేమీ చూడకు అంది. ఆ మొహం చూస్తూ నలభై అడుగులు తిన్నగా వచ్చేశాడు.

పన్నెండింటికి కుట్లు విప్పడం మొదలైంది. పెద్దకోడలు కుచ్చిళ్ల దగ్గర, చిన్నకోడలు కింది అంచు దగ్గర, మధ్యలో ఇరవై రెండడుగుల మఖమల్. పెద్దకోడలు చిన్న బ్లేడుతో దారం తెంపి, పళ్లతో లాగి, పక్కన పడేస్తూ పోయింది. ప్రతి కుచ్చి చివరా తాను స్వయంగా మీట నొక్కి వేసిన వెనక్కుట్లే ప్రాణం తీశాయి. ఇంత గట్టిగా ఎవరు వెయ్యమన్నారు నన్ను అని పైకే తిట్టుకుంది. అటు చివరనుంచి చిన్నకోడలు, అత్తగారు వెయ్యమంది అని జవాబిచ్చింది. నెలరోజుల్లో అది వాళ్ల మొదటి పనికిరాని మాట. ఆ తరవాత ఇంకో నాలుగు పనికిరాని మాటలు దొర్లాయి. మరిది గారి వ్యాన్‌కి గోడ రంగు ఎంత అంటిందో అంచనా వేసుకుని నవ్వుకున్నారు కూడా.

రెండున్నరకి రెక్కని తిప్పారు. లైట్ల మనిషి, మరిది, ఇద్దరు పనివాళ్లు నాలుగు మూలలూ పట్టుకుని ఒక్క ఉదుటున లేపి, వేదిక మీద గుండ్రంగా నడిచారు. మఖమల్ గాలి మింగి ఉబ్బింది. పెద్దకోడలు వాళ్ల కాళ్లకింద పడకుండా అడ్డం నిలువు పరుగెత్తింది.

అప్పుడు బయటపడింది అసలు గండం. పాత కింది మడత గీత ఇప్పుడు పైకొచ్చింది. పైనుంచి జానెడు కిందికి, ఈ చివరనుంచి ఆ చివరకి, కత్తితో గీసినట్టు కనిపిస్తోంది. చిన్నకోడలు గోళ్లతో గీకి చూసింది. పోలేదు. ఇస్త్రీపెట్టె పెడితే నూగు చచ్చిపోతుంది. ఆమె మొహం వాడిపోయింది. పెద్దకోడలు మాత్రం పైట నడుంకి బిగించి, కింద టీ కాచే మనిషి దగ్గరకి వెళ్లి, మీ పెద్ద కెటిల్ గంటసేపు కావాలి, టీ పెట్టడానికి కాదు అని చెప్పింది. వేషగాళ్లు టీ కోసం గోల చేస్తారని అతను మొత్తుకున్నాడు. వాళ్ల మొహాలకి ఎలాగూ రంగేస్తారు, టీ లేకపోయినా పాలిపోయినట్టు కనపడరులే అని కెటిల్ తీసుకొచ్చేసింది. గుడ్డని వెనకవైపునుంచి ఎత్తిపట్టి, కెటిల్ ముక్కులోంచి వచ్చే ఆవిరిని గీత మీదుగా నడిపింది. ముందువైపు చిన్నకోడలు మెత్తటి కుంచెతో నూగుని పైకి దువ్వుకుంటూ వచ్చింది. గుడ్డకి అటొకరు, ఇటొకరు. ఒకరికొకరు కనపడరు. ఆవిరి ఆగిన చోట కుంచె ఆగాలి, కదిలితే కదలాలి. ఒక్కసారి కూడా తేడా రాలేదు. గీత అంగుళం అంగుళం మాయమవుతుంటే ముందునుంచి లైట్ల మనిషి పోయింది, పోయింది అంటూ ఆటల పోటీకి వ్యాఖ్యానం చెబుతున్నట్టు కేకలు పెట్టాడు.

నాలుగింటికి కుచ్చిళ్లు. పెద్దకోడలు మడిచి వేళ్లతో బిగించి అందిస్తే చిన్నకోడలు మిషన్ కింద తోసింది. ఇరవై అయ్యాయి. ముప్ఫై అయిదు. దారం ఒకసారి తెగింది, ఇద్దరికీ ప్రాణాలు అరచేతిలోకొచ్చాయి. యాభై దగ్గర సూది విరిగింది. చిన్నకోడలు ఏమీ అడగకుండానే చెయ్యి చాచింది, పెద్దకోడలు ఏమీ చెప్పకుండానే జాకెట్ అంచులో గుచ్చుకున్న మిషన్ సూది తీసి ఆ చేతిలో పెట్టింది. అరవయ్యో కుచ్చి చివర మీట నొక్కేసరికి అయిదుంబావు. కింది మడతని పొడుగు కుట్లతో గబగబా చేత్తో వేసేశారు, రేపు వచ్చి సరిగ్గా వెయ్యొచ్చని. రేపు అన్న మాట పెద్దకోడలి నోటినుంచే వచ్చింది. చిన్నకోడలు తలెత్తి చూసి మళ్లీ సూది మీదికి వంగిపోయింది.

అయిదూ ముప్ఫైఅయిదుకి నిచ్చెనలు పక్కకి తీశారు. మేనేజరు చేతిలో గడియారం, వెనక పాత బూడిదరంగు తెర చుట్ట. అయిదు నిమిషాల ఆలస్యం గురించి ఏమీ అనలేదు, అంటే అంటాడేమోనని లైట్ల మనిషి మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి పారిపోయి అన్ని లైట్లూ వేసేశాడు.

రెండు రెక్కలూ ఒకే ఎరుపు. ఈ చివరనుంచి ఆ చివరకి చిక్కగా, నిండుగా, ఎక్కడ కలిశాయో కనపడకుండా.

మేనేజరు పాత తెర చుట్టని కాలితో గోడ పక్కకి నెట్టాడు. పై కిటికీలోంచి లైట్ల మనిషి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పెద్దకోడలికి ఇంత సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. పరుగెత్తాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోక అక్కడే నిలబడి చేతులు నలుపుకుంది.

పక్కకి తిరిగితే చిన్నకోడలు మిషన్‌కి గుడ్డ కప్పి తాడు కడుతోంది. మరిది వ్యాన్ వెనక తలుపు తెరిచాడు. అందరూ కలిసి మిషన్ ఎక్కించారు. చిన్నకోడలు కొంగుతో మొహం తుడుచుకుని చెప్పులేసుకుంది.

"వెళ్లొస్తానక్కా."

పెద్దకోడలు మొహం తిప్పుకోబోయింది. మెడ సగం తిరిగింది కూడా. ఆ సగం దగ్గర ఆవిడకి పొద్దుట గుడ్డ పరిచిన ఖాళీ నేల కనిపించింది. తమ గదిలో అంత చోటు లేదు. ఎప్పుడూ లేదు. ఆ మాటే ఏడాదినుంచీ చిన్నకోడలు రకరకాలుగా చెబుతూనే ఉంది, వెళ్లిపోవడానికి సాకులనుకుని తానే చెవిన పెట్టలేదు. ఉండిపోవే అని అడగాలని పొద్దుటినుంచీ నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ మింగేసింది. ఉండమనడం న్యాయం కాదు.

"ఆ గది ఎంత పొడుగు?" అంది.

చిన్నకోడలు వ్యాన్ తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ముప్ఫై ఆరడుగులని, నాలుగు కిటికీలని, నేల నున్నగా ఉంటుందని చెప్పింది. కొత్తవాళ్లకి చెప్పినట్టు పొడిపొడిగా చెప్పింది.

"నా బల్ల పడుతుందా అందులో?"

చిన్నకోడలు తలుపు గట్టిగా పట్టుకుంది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. కోపమో ఏడుపో పెద్దకోడలికి తెలియలేదు.

"నెల కిందట అదే చెప్పబోయాను. నీ బల్లకి చోటు కొలిచి మరీ తీసుకున్నాను. నువ్వు మిషన్ తొక్కుతూ కూర్చున్నావు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. ఇంక రావనుకుని ఆ చోట్లో అలమార పెట్టేశాను."

"అలమార జరగదా?"

"బరువక్కా అది. నలుగురు పట్టాలి."

"నాలుగు మూలలు పట్టుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు కదా," అంది పెద్దకోడలు. ఎవరి అనుమతీ అడగకుండా లైట్ల మనిషి కోసం పైకి చూసింది. అతనికి ఆట ఉంది, రాలేడు. పనివాళ్లు ఇద్దరూ రేపు పొద్దున్న వస్తామన్నారు.

మొదటి గంట మోగింది. జనం లోపలికి వస్తున్న చప్పుడు తెర అవతలనుంచి వినిపిస్తోంది. మరిది ముందు సీటులో కూర్చుని, దారిలో మీ ఇంటి దగ్గర దింపనా వదినా అని అడిగాడు. వద్దు, ముందు గది చూడాలి అని పెద్దకోడలు ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. చిన్నకోడలు పక్కన ఇరుక్కుంది. ముగ్గురికి చాలని సీటు.

అలమార కిటికీకి అడ్డంగా పెట్టావేమో, వెలుతురు పోతుంది అంది పెద్దకోడలు. చూడకుండానే వంకలు పెట్టకు అంది చిన్నకోడలు. వ్యాన్ ఇంకా కదల్లేదు, ఇద్దరూ ఏ కిటికీ ఎవరిదని దెబ్బలాట మొదలుపెట్టేశారు.